పాదం దాచుకున్న పిల్ల

మా ఆయన పోయాక మా పెంకుటింట్లో ఒక గది మందులకు, వసారా పిల్లల చదువుకు ఇచ్చి రెండూ నేనే చూసుకుంటున్నాను. సూదులు వేయడానికి అనకాపల్లి నుంచి నర్సమ్మ వస్తుంది. మొన్న వసారాలో ఒక పిల్ల పాదం గౌను కింద దాచుకుని లేవనంది. లాగి చూస్తే చెరకు మోడు గుచ్చుకుని వాచి, చీము పట్టి ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదట.

కబురు పెడితే తల్లి తోటలోంచి పరుగున వచ్చింది. వస్తూనే పిల్ల మీద పడింది.

"నాకు సెప్పలేదేటే? ఉండు, నర్సమ్మ సేత పెద్ద సూది పొడిపిత్తాను!"

పిల్ల స్తంభాన్ని కరుచుకుంది. ఇక్కడి తల్లులందరిదీ ఇదే వరస. అన్నం తినకపోయినా సూదే, అల్లరి చేసినా సూదే. నాకు ఒళ్లు మండిపోయింది.

"బూచోడున్నాడు, దెయ్యముంది. బెదిరించడానికి మా నర్సమ్మే దొరికిందేటే నీకు?"

"ఏటత్తా, నా పిల్లని నాను బెదిరించుకోకూడదేటి?"

ఆమెను బయటికి పంపి పిల్ల పక్కన కూర్చున్నాను.

"నానేటి తప్పు సేసేను, మామ్మా?" అంది.

ఏ తప్పూ లేదని, సూది పుండు మానడానికేనని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పూట వచ్చిన నర్సమ్మ సూది వేసి చీము తుడుస్తుంటే కిక్కురుమనలేదు. ఏడిస్తే ఇంకో సూది వేస్తారేమోనని పెదవి కొరుక్కుని కూర్చుంది.