కూర్చోని కమలాకర్ సారు

కమలాకర్ సారు కూర్చోరు. నవత పీహెచ్‌డీలో చేరిన నాలుగేళ్లలో ఆయన వీపు కుర్చీకి ఆనగా చూసినవాళ్లు లేరు. తార్నాకలో చాయ్ నిలబడే తాగుతారు. మల్కాజ్‌గిరి బస్సు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకునే వెళతారు. అడిగితే, "కూసుంటే నా ఆలోచన గూడ కూసుంటదమ్మా!" అంటారు. ల్యాబులో పొద్దంతా ఈ గోడ నుంచి ఆ గోడకు నడకే.

నవతకు మర్నాడే రివ్యూ. కరెంటు పారే ప్లాస్టిక్ పొర తయారుచేసింది. పిల్లలు ఎక్కం వల్లెవేసినట్టు చిన్నచిన్న కరెంటు దెబ్బలు మళ్లీమళ్లీ తగిలిస్తే, మెదడులాగా ఆ పొర గుర్తుపెట్టుకోవాలి. గంటసేపు గుర్తుంటే గట్టెక్కినట్టు. లేదంటే ఇంకో ఆరు నెలలు వెనక్కి.

పది నిమిషాలకే గ్రాఫు గీత ఎగిరిపడుతోంది. పొర మార్చింది, వేడి మార్చింది, కరెంటు కొలిచే పెట్టెకు విభూతి కూడా పెట్టింది. చివరికి కనిపెట్టింది: నేలలో వదులైన బండను సారు తొక్కినప్పుడల్లా బల్ల అదిరి, పొరకు కరెంటు అందించే సూది జారుతోంది! గురువుగారితో ఆ మాట ఎలా అనడం?

ఊడ్చే ఉప్పలమ్మే అనేసింది. "సారూ, మీ నడకకే గా సూది ఎగుర్తున్నది."

సారు నాలుక కరుచుకుని బయటికెళ్లారు. అయిదు నిమిషాలకే తలుపు తోసుకొచ్చారు. "ఏమైంది? గుర్తున్నదా?" సూది మళ్లీ జారింది.

"సార్, దండం పెడతా. ఒక్క గంట కూసోండి," నవతకు ఏడుపొక్కటే తక్కువ.

ఉన్న ఒక్క కుర్చీలోంచి ఉప్పలమ్మ మోకాళ్లు పట్టుకుని లేవబోయింది.

"ఏయ్, నువ్వు లేవకు!" అంటూ సారు గబుక్కున నేలమీదే బాసింపట్టు వేసేశారు.

ఉప్పలమ్మ నవత చెవిలో గుసగుసలాడింది. "ఆరేండ్ల కింద నా మోకాళ్లు పట్టుకపోయినయి బిడ్డా. 'నేనెట్లనూ కూసోను, కుర్చీ ఉత్తగ పాడైతది, నువ్వు కూసో' అన్నడు."

"అంతకుముందు?"

"గీ కుర్చీలనే గురక పెట్టేటోడు!"

"మరి బస్సులో ఎందుకు నిలబడుతరు?"

"నేను గూడ గదే బస్సు గదమ్మా. కూసుంటే దొరికిపోడూ?"

నవత సారువైపు చూసింది. వేళ్లు మోకాలి మీద పరుగులు తీస్తున్నాయి గాని మనిషి కదలడం లేదు. గంట గడిచింది. గీత చెక్కుచెదరలేదు.

"సార్, గుర్తుంచుకున్నది!"

సారు ఎగిరి లేవబోయి అక్కడే చతికిలబడ్డారు. కాలు తిమ్మిరెక్కింది.

ఉప్పలమ్మ చెయ్యందించింది. "ప్లాస్టిక్కుకు అంతా యాదికున్నది. సారు కాలే నడక మర్శిపోయింది!"