మంచం మీంచి సముద్రం

పురుగుమందుల కంపెనీలో పనిచేసేవాడికి ఓడల గురించి ఇంత తెలియాల్సిన అవసరం లేదు. ఏ ఓడలో ఏ గదికి బాల్కనీ ఉందో, ఏ కార్డుకు పళ్లబుట్ట ఇస్తారో, ఎన్ని రకాల దిండ్లు ఉంటాయో నన్ను నిద్రలేపి అడిగినా చెప్తాను. ఇదంతా ఆళ్లగడ్డ కన్యకమ్మక్క చలవ.

నా పేరు జయప్రకాష్. ఉండేది నంద్యాలలో. మా కంపెనీ మందులు, విత్తనాలు అమ్మే అంగళ్లకు తిరగడం నా ఉద్యోగం. మిగతా అంగళ్లలో నన్ను చూడగానే కుర్చీ వేసి టీ తెప్పిస్తారు. కన్యకమ్మక్క మాత్రం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఏమప్పా, ఈసారి ఏం అంటగట్టనీకి వచ్చినావు?" అంటుంది. టీ వస్తుంది కానీ తిట్లు తిన్నాకే.

ఆమెకు యాభై ఆరేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కౌంటరు వెనక కూర్చుని ఉంది. రైతు తెచ్చిన ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, తిప్పి చూసి, అది పురుగో తెగులో చెప్పేస్తుంది. అక్కర్లేని మందు అడిగినవాడికి అమ్మదు సరికదా, వాడి భార్యకు ఫోన్ చేసి మరీ చెప్తుంది. ఈ పద్ధతిలో వ్యాపారం మునిగిపోవాలి. విచిత్రంగా, నా ఏరియాలో ఎక్కువ సరుకు కదిలేది ఆ అంగడిలోనే.

ఊరు మాత్రం డీలరు అని పిలిచేది ఆమె భర్త విశ్వేశ్వరయ్యన్నను. ఆయన చాలా మంచివాడు. లోపలి గదిలో ఫ్యాను కింద పేపరు చదువుతాడు, వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరిస్తాడు, కంపెనీ మీటింగులకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడు. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను మా కంపెనీ సింగపూరు తీసుకెళ్లి, అక్కడ ఓడ ఎక్కించి నాలుగు రోజులు సముద్రంలో తిప్పుతుంది. విశ్వేశ్వరయ్యన్న అలా రెండుసార్లు వెళ్లొచ్చాడు. మొదటిసారి ఎక్కింది మొదలు దిగేదాకా వాంతులు. రెండోసారి గది తలుపు వేసుకుని కోయిలకుంట్ల డీలర్లతో పేకాట. తిరిగొచ్చినప్పుడు కన్యకమ్మక్క, సముద్రం ఎట్లుంది అని అడిగిందట. ఆయన బాగా ఆలోచించి, "నీళ్లు" అన్నాడట.

ఆ ఒక్క మాట ఆమె కడుపులో ఏళ్ల తరబడి ఉండిపోయింది.

ఈ ఏడాది కంపెనీ నిబంధన మారింది. దంపతులు ఇద్దరూ రావచ్చు. పైగా రెండు ఓడల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకటి మెరిలియా వారిది, పాతది, పెద్దది; విశ్వేశ్వరయ్యన్న రెండుసార్లూ ఎక్కింది అదే. రెండోది ఒరెల్లా వారిది, కొత్తది, చిన్నది. రెండు కంపెనీలకూ యజమాని ఒక్కరే. రెండు రంగుల పుస్తకాలు ఆమె ముందు పెట్టి, నా పని అయిపోయిందనుకున్నాను.

ఆమె మొదటి పేజీలోనే ఆగింది. "మాకిచ్చే గది ఏది?"

చూపించాను. డీలర్లకు ఇచ్చేది లోపలి గది. మంచం ఉంటుంది, టీవీ ఉంటుంది, కిటికీ ఉండదు.

"కిటికీ లేని గదిలో పండుకునేదానికి సింగపూరు దాకా ఏంటికప్పా? మా గోడౌను లేదా?"

ఆ రోజు నుంచి ఆమె ఆ పుస్తకాలను వదల్లేదు. పత్తి విత్తనాల పోస్టరు వెనక్కి తిప్పి, మధ్యలో గీత కొట్టి, ఒకవైపు మెరిలియా, ఒకవైపు ఒరెల్లా అని రాసింది. విత్తనాలను పోల్చేటప్పుడు పంటకాలం, దిగుబడి, తెగులును తట్టుకునే గుణం అని వరసగా రాస్తాం. ఆమె కిటికీ, మంచం, పప్పన్నం, మర్యాద అని రాసింది. పోస్టరు కౌంటరు మీద పరిచే ఉండేది. మిరపకు మందు కోసం ఉయ్యాలవాడ నుంచి వచ్చిన సుబ్బరాయుడు దాన్ని అంతా చదివి, "పెద్ద ఓడే మేలు లేమ్మా, కుదురుగా ఉంటాది" అని తేల్చాడు. ఆయన జీవితంలో తెప్ప కూడా ఎక్కలేదు. ఇంకో రైతు, కొత్తదైతే పరుపులు మెత్తగా ఉంటాయన్నాడు. నేను వెళ్లేసరికి అంగడిలో ఇదే రచ్చ. మందు సీసాలు అడిగేవాడే లేడు.

సూట్ అనే పెద్ద గదులున్నాయని, వాటికి బాల్కనీ ఉంటుందని ఆమె పదిహేడో పేజీలో కనిపెట్టింది. ఇంకో నాలుగు పేజీల తర్వాత అసలైనది దొరికింది. మెరిలియాలో రెండుసార్లు ప్రయాణం చేసినవాళ్లకు బంగారు కార్డు ఇస్తారు. ఆ కార్డును ఒరెల్లా కూడా గౌరవిస్తుంది. విశ్వేశ్వరయ్యన్న బీరువాలో బనీన్ల కింద ఆ కార్డు పడి ఉంది. అదేదో గది తాళమనుకుని దాచుకున్నాడాయన.

మర్నాడే ఆమె బస్సెక్కి నంద్యాల వచ్చింది. సంజీవనగర్‌లోని మా ఆఫీసుకొచ్చి, "ఆ ఓడోళ్లకు ఫోన్ చెయ్ అప్పా" అంది. రెండు కంపెనీలకూ చేశాను. అవతల ఇంగ్లీషులో మాట్లాడే అమ్మాయిలు. ఇవతల ఆమె. మధ్యలో నేను నలిగిపోయాను.

బంగారు కార్డుకు ఏమిస్తారు? మెరిలియాలో పళ్లబుట్ట, ఉచితంగా బట్టల ఉతుకు, ఓడ ఎక్కేటప్పుడు వరసలో ముందు చోటు. ఒరెల్లాలో ఇవేవీ లేవు. కానీ కార్డున్న మనిషి స్వయంగా ఓడ ఎక్కుతుంటే, ఖాళీగా ఉన్న సూట్‌కు మారుస్తారు. ప్రస్తుతం ఒకటి ఖాళీ ఉంది.

"బట్టలు నేను ఉతుక్కుంటా. పళ్లు ఈడ లేవా?" అని వెంట తెచ్చిన పోస్టరు మీద మెరిలియా పేరు కొట్టేసింది. "ఆ సూట్‌లో మంచం ఎట్ల ఏసినారో అడుగు. పండుకున్నాక సముద్రం కనపడతాదా, లేచి కూర్చుంటేనా?"

నేను అడిగాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కన్యకమ్మక్క అదేదో నాకు అర్థం కాలేదనుకుని, చెప్పులు విడిచి మా ఆఫీసు బల్ల మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ల వైపు కిటికీ. "ఇట్ల పండుకుంటే నాకు ఆ రైసుమిల్లు గొట్టం కనపడతాంది. ఆ గొట్టం ఉన్న చోట సముద్రం ఉంటాదా అని అడుగు." అప్పుడే మా మేనేజరు లోపలికొచ్చాడు. ఆమె లేవలేదు. ఆయనే తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఉంటుందని అమ్మాయి చెప్పింది. గదికొక సేవకుడు కూడా ఉంటాడంది.

"ఆయప్ప మనకోసం నిలబడే ఉంటాడా? మరి తిండి ఎప్పుడు తింటాడు?"

అది మాత్రం నేను అడగలేదు. ఆమె బల్ల మీంచి దిగి కొంగు సర్దుకుంది. ఆ వయసు మనిషి ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాకే గాల్లో తేలినట్టుంది. ఒరెల్లాకు, మా హెడ్డాఫీసుకు పేర్లు పంపించాను.

మూడో రోజు హెడ్డాఫీసు నుంచి ఫోన్. డీలరు పేరు తప్పు పంపావని నన్ను దులిపేశారు. రికార్డుల్లో లైసెన్సు ఉన్నది కన్యకమ్మ పేరు మీద. విశ్వేశ్వరయ్య అనే ఆయన ఇన్నేళ్లూ ఆమె ప్రతినిధిగా సంతకం పెట్టి వెళ్లాడు. ఈసారి ప్రతినిధులు కుదరరు. డీలరు స్వయంగా రావాలి, కావాలంటే భర్తను వెంట తెచ్చుకోవచ్చు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. మా వైపు అంగళ్లు సగం ఆడవాళ్ల పేర్ల మీదే ఉంటాయి. పన్నులకు మంచిదని ఎవరో చెప్తారు, భార్యలు సంతకాలు పెడతారు, ఆ తర్వాత అందరూ మరిచిపోతారు. కన్యకమ్మక్కకూ తెలుసు. నాకూ తెలుసు, ఫైల్లో వందసార్లు చూశాను. చూసి కూడా ప్రతిసారీ ఆహ్వానం మీద ఆయన పేరే రాశాను. నామీద నాకే సిగ్గేసింది.

సంగతి చెప్పడానికి ఆళ్లగడ్డ వెళ్లాను. విశ్వేశ్వరయ్యన్న నవ్వేశాడు. "అదంతా కాగితం మీదేలే అప్పా."

కన్యకమ్మక్క నవ్వలేదు. "కాగితం మీద ఉండేదాన్నే కదా ఓడెక్కించేది" అంది.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అయితే నువ్వు పోయిరా. నేను రాను. నాకు వాంతులు."

చిక్కంతా అక్కడే. లైసెన్సు ఆమెది, బంగారు కార్డు ఆయనది. ఆయన రాకపోతే సూట్ లేదు, మళ్లీ కిటికీ లేని గదే.

"కండ్లు మూసుకోని పండుకో, నేను చూస్తా" అందామె.

"వాంతులు కాదు లేమ్మే. ఆడంతా నాకు తెలిసినోళ్లు. వాళ్ల ముందర నీ వెనక నడిచి రావల్లనా?"

"ఇరవై ఎనిమిదేండ్లు నీ వెనక నేను నడవలేదా? కాళ్లేం పడిపోలేదు" అని, వచ్చిన రైతు చేతిలోని ఆకు తీసుకుని వెలుతురుకు పట్టింది. ఎప్పుడూ ఒక్క చూపుకే చెప్పేది, ఆ ఆకును మూడుసార్లు తిప్పి చూసింది. నాకు ఆమె తరఫున ఏడుపొచ్చింది, ఆయన తరఫున బాధా కలిగింది. బండెక్కాను.

నాలుగు రోజుల తర్వాత విశ్వేశ్వరయ్యన్న నంద్యాల వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు. జేబులోంచి బంగారు కార్డు తీసి నా బల్ల మీద పెట్టాడు. "దీని నెంబరు రాసుకో. దుడ్లేమన్నా కట్టల్లంటే చెప్పు. సముద్రం ఎట్లుందని అడిగితే నేను నీళ్లన్నానంట. నాలుగు దినాల నుంచీ మాట్లాడలేదు మీ అక్క నాతో. నేను సరిగ్గా చూసింటే కదప్పా చెప్పేది" అన్నాడు. పోతూ పోతూ నిమ్మకాయలు ఎన్ని తీసుకెళ్లనిస్తారో కనుక్కోమన్నాడు.

కోడలు హిమబిందును కౌంటరులో కూర్చోబెట్టి, ఏ రైతుకు ఏ మందు ఇవ్వకూడదో రెండు పేజీలు రాసిచ్చి, కన్యకమ్మక్క భర్తతో ఓడెక్కింది. ఒరెల్లానే ఎంచుకున్న మిగతా డీలర్ల వెంట కంపెనీ తరఫున మేనేజరూ నేనూ వెళ్లాం. సూట్ తలుపు తెరవగానే ఆమె దేన్నీ చూడలేదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తిన్నగా పోయి మంచం మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ల అవతల అద్దం, అద్దం అవతల సముద్రం. ఓడ ఇంకా కదల్లేదు కూడా.

"కనపడతాండాది" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. తెల్ల కోటు వేసుకున్న సేవకుడు కంగారుపడి నావైపు చూశాడు. నడివయసు మనిషి. ఆమె లేచి సంచిలోంచి చక్కిలాల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టి, "తింటివా అప్పా?" అని తెలుగులోనే అడిగింది. ఆయన తలూపాడు. నేను పోయి కిటికీ లేని నా గదిలో, ఆత్మకూరు డీలరు గురక పక్కన చేరాను.

రెండో రోజు మధ్యాహ్నం ఓడలోని పెద్ద హాల్లో కంపెనీ సభ. బాగా అమ్మిన డీలర్లకు షీల్డులు ఇస్తారు. మైకు నా చేతిలో ఉంది. మొదటి షీల్డు ఆళ్లగడ్డకు. ఏళ్ల అలవాటు, నోటికి అదే వచ్చింది. "విశ్వేశ్వరయ్య గారు."

ఆయన ముందు వరసలో, చేతిలో నిమ్మకాయతో కూర్చుని ఉన్నాడు. డీలర్లంతా చప్పట్లు కొట్టారు. ఆయన లేవలేదు.

"పేరు తప్పు చదివినావప్పా" అన్నాడు. "కాగితం చూడు."

చూశాను. "కన్యకమ్మ గారు" అని పిలిచాను. ఎవరూ రాలేదు. ఇంకోసారి పిలిచాను. ఆమె హాల్లోనే లేదు. మేనేజరు కళ్లతోనే నన్ను తరిమాడు. పై అంతస్తుకు పరిగెత్తాను. నా వెనకే విశ్వేశ్వరయ్యన్న, గోడ పట్టుకుని.

కన్యకమ్మక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఎనిమిది రకాల దిండ్లూ తెప్పించుకుంది. "అక్కా, తొందరగా రా, నీకు షీల్డు" అన్నాను ఆయాసపడుతూ.

"అది ఆళ్లగడ్డలో కూడా చూసుకోవచ్చు కదప్పా" అంది, అద్దం మీంచి చూపు తిప్పకుండా. "ఇది ఇంగ రెండు దినాలే ఉంటాది."

నేను విశ్వేశ్వరయ్యన్న వైపు చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి భార్యను చూస్తున్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. నేను వెంట వెళ్లేసరికి వేదిక ఎక్కి, మైకు తీసుకుని, ఓడ ఊగుతుంటే బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను విశ్వేశ్వరయ్యను" అన్నాడు. "డీలరు కన్యకమ్మ. ఆమెకు తీరిక లేదు, సముద్రం చూస్తాండాది. ఆమె తరఫున నేను వచ్చినా."

హాలంతా నవ్వులు, ఈలలు. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా షీల్డును ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు. అంతలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దాన్ని నాకిచ్చి బయటికి పరిగెత్తాడు.

షీల్డు మోసుకుని మళ్లీ పైకెళ్లాను. జరిగింది చెప్పాను. ఆమె మొదటిసారి సముద్రం మీంచి చూపు తిప్పింది.

"పేరు సరిగ్గా చెప్పినాడా?"

"చెప్పినాడక్కా."

"మైకులోనా?"

"మైకులోనే."

ఆమె పక్కకు జరిగి, మంచం మీద ఇంకో మనిషికి చోటు చేసి, అద్దానికి ఎదురుగా రెండు దిండ్లు సర్దింది. "మీ అన్నను పిల్చుకోని రాపో. ఈసారన్నా సముద్రం సరిగ్గా చూస్తాడు."