బారెడు దారం

ఇప్పుడు నా చేతిలో మూడు బొంతలున్నాయి. రోజూ పొద్దున కాఫీ తాగాక కాసేపు ఒకటి, కాసేపు ఇంకోటి కుడతాను. ఈ మధ్య నాకున్న సుఖమంతా అదే. ఇవాళ బద్ధకించి సూదికి బారెడు దారం ఎక్కించాను. నాలుగు కుట్లకే చిక్కుపడింది. విప్పుతుంటే పామర్రులో మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

మీ ఇళ్ళల్లోనూ మధ్యాహ్నాలు పాత చీరలు పరిచి బొంతలు కుట్టేవాళ్ళు కదా? బిస్కెట్ డబ్బాలో సూదులు, ఆ చీరల గంజి వాసన గుర్తున్నాయా?

అమ్మమ్మకి చూపు ఆనేది కాదు. సూదిలో దారం ఎక్కించడం నా పని.

"మూరెడు చాలమ్మా, పొడుగైతే చిక్కుపడుద్ది" అనేది.

ఆట మధ్యలో మాటిమాటికీ పిలుస్తుందని నేను బారెడు ఎక్కించి పారిపోయేదాన్ని. తిరిగొచ్చేసరికి వేళ్ళతో తడుముకుంటూ ముడులు విప్పుతుండేది. ఒక్కసారీ తిట్టలేదు. పైగా ఒకరోజు పక్కింటావిడతో గొప్పగా చెప్పింది.

"నేను మళ్ళీ మళ్ళీ లేవకుండా మా మనవరాలు పొడుగ్గా ఎక్కించి పెడుద్దండీ. నేనంటే అంత ప్రేమ దానికి."

నేను తలుపు వెనకే నిలబడి విన్నాను. మర్నాడు కూడా బారెడే ఎక్కించాను.