ప్రయాణంలో ఉన్నవారి కోసం

మా సోషల్ టీచరమ్మ పోయిన నెల ఆళ్లగడ్డలో చనిపోయింది. నంద్యాలలో ఉన్న నాకు ఫోను చేసిన పిల్ల "మేడం ప్రభువులో నిద్రించారు" అంది. "పగలు పడుకునే అలవాటు ఆమెకు లేదే" అన్నాను. ఆ పిల్ల బావురుమంది. నా నోరు అలాంటిది. ఫోను పెట్టేశాక నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి.

ఆళ్లగడ్డ హైస్కూల్లో నేను తెలుగు, ఆమె సోషల్. ఇరవై ఏళ్లు పక్కపక్క క్లాసులు, పక్కపక్క ఇళ్లు. నాకంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మే అనేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎదురుచూసేదానికి మా ఇంట్లో ఒక మగోడు ఉండాడు, ఇంకొకడు యాడికి?" అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగేవాళ్లు కాదు.

ఆమెకొక అలవాటు ఉండేది. దాంతో వచ్చిన ప్రతి హెడ్మాస్టరుతోనూ గొడవే. పొద్దున హాజరు పిలుస్తుంది, వచ్చిన పిల్లలకు గుర్తు పెడుతుంది, రానివాళ్ల గడి ఖాళీగా వదిలేస్తుంది. సాయంత్రం చివరి గంట కొట్టాకే ఆ గడులు నింపేది. ఒక హెడ్మాస్టరు ఆమె రిజిస్టరు తెచ్చి స్టాఫ్ రూములో బల్ల మీద వేశాడు.

"పదిన్నరకే రాలేదని తెలుస్తాంటే రాసేదానికేం నొప్పి టీచరమ్మా?"

"రాలేదని రాసేదానికి మనకేం తొందర సార్? ఇంకా గంట కొట్టలేదు గదా."

పప్పుశనగ పీకే కాలంలో సగం క్లాసు పొలాల్లోనే ఉండేది. మధ్యాహ్నం కాళ్ల నిండా నల్లమట్టితో ఒకరో ఇద్దరో పరుగెత్తుకొచ్చేవాళ్లు. అప్పుడు ఆమె ముఖం చూడాలి, పోయిన చెవికమ్మ దొరికినట్టు ఉండేది.

పదో తరగతి పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం నాలుగైదు పేజీలు. మా క్లాసుల మధ్య గోడ పలచన, అందుకని ప్రతి ఏడూ నేనూ ఆ పాఠం విన్నాను. పటం తగిలించి కర్రతో పోలండు దగ్గర మొదలుపెట్టేది. ఫ్రాన్సు పడింది, లండను మీద బాంబులు పడ్డాయి, రష్యా మంచులో సైన్యాలు దిగబడ్డాయి, జపాను విమానాలు అమెరికా ఓడల మీద విరుచుకుపడ్డాయి. కర్ర తూర్పుకు జరిగి జరిగి సింగపూరు చుక్క మీద ఆగేది. ఇంగ్లీషు సేనాపతి అక్కడ చేతులెత్తేశాడు. మన సిపాయిలు వేలకు వేలు బందీలయ్యారు. కొందరిని ఓడల్లో కుక్కి పేరు తెలియని దీవులకు కూలికి తోలారు. కొన్ని ఓడలు దారిలోనే మునిగిపోయాయి.

"పోలండులో మొదలైన యుద్ధం మా ఇంటికి వచ్చేదానికి రెండున్నరేండ్లు పట్టె. మా నాయన ఈడ ఉండె," అనేది. గొంతు పెరిగేదీ కాదు, తగ్గేదీ కాదు.

ఒక ఏడు ఒక పిల్ల అడిగింది. "టీచర్, మనం గెలిచినామా, ఓడిపోతిమా?"

"మనల్ని ఎవురూ అడగలేదు పాపా. పటం చుట్టు."

ఆ నాయన నంద్యాలలో మిషన్ దొర కారు తుడిచి తుడిచి డ్రైవింగు నేర్చుకున్న మనిషి. వానలు ఎగ్గొట్టిన ఏడు, లారీలు తోలేవాళ్లు కావాలని పటాలం వాళ్లు వస్తే పేరిచ్చాడు. హిట్లరు పేరు ఆయన విన్నాడో లేదో నాకు అనుమానమే. ఇంట్లో జొన్నలు లేవు, అది మాత్రం ఖాయం. బిడ్డ అప్పటికి ఇంకా పాకుతోంది.

తర్వాత ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది, ఆచూకీ తెలియడం లేదని. టీచరమ్మ తల్లికి చదువు రాదు. ఆ కాలపు పాస్టరయ్య చదివి చెప్పాడు. మెత్తని మనిషి. నేల మీద పడి పొర్లుతున్న ఇరవై ఏళ్ల పిల్లను చూడలేక, "పోయినాడని రాయలేదమ్మా, ఇంకా దారిలో ఉండాడేమో" అన్నాడు. ఆ ఆదివారం చర్చిలో ఆయన పేరు ప్రయాణికుల వరసలో చదివాడు. అక్కడ అదొక పద్ధతి. రోగుల పేర్లు ఒక వరస, పోయినవారిని తలుచుకునేది ఒక వరస, నేల మీదా నీటి మీదా ప్రయాణంలో ఉన్నవారిది ఒక వరస. ఇంటివాళ్లు లేచి పేరు చెబితే అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. మద్రాసు పోయినవాడి పేరు రెండు వారాలు ఉంటుంది, మనిషి రాగానే తీసేస్తారు. ఈయన పేరు తీసేసే రోజు రాలేదు.

భర్త చనిపోయాడన్న కాగితం మీద తల్లి వేలిముద్ర వేయలేదు. అందుకని పింఛనూ రాలేదు. కోయిలకుంట్ల పక్క పొలాల్లో కూలికి పోయి బిడ్డను చదివించింది. పెళ్లికో చావుకో పోయినా పొద్దుగూకేలోపు ఇంటికి వచ్చేసేది. వచ్చినాయన తలుపుకు తాళం చూసి వెనక్కు పోతాడని భయం. నాకు తెలిసేనాటికి ముసలామె. రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడైతే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయేది. బస్సు కదిలాక మళ్లీ కలుపుకునేది. అలా యాభై ఏళ్లు.

"ఆ పాస్టరయ్య మంచోడు మే," అనేది టీచరమ్మ. "యుద్ధం మా నాయనను ఒక్కరోజులో ముగించింటాది. మా అమ్మను ముగించేదానికి ఆ మంచితనం కావాల్సొచ్చె."

ఇంత తెలిసిన మనిషి, తల్లి పోయిన మరుసటి ఆదివారం నుంచి తనే లేచి ఆ పేరు చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊరుకుంటానా? మొన్నమొన్న కూడా అడిగాను.

"నూట పదేండ్ల మనిషి ఇంకా యాడ తిరుగుతాండాడక్కా?"

"ముసలోడు గదా మే, నడక నిదానం," అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూనే.

ఇక ఇప్పటి యుద్ధం సంగతి. టీచరమ్మకు పాలు పోసే ఆవిడ కొడుకు, హోటల్లో పని అని ఏజెంటు చెబితే నమ్మి ఒక చలిదేశానికి పోయాడు. అక్కడ తనకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని చేతికి తుపాకీ ఇచ్చారు. ఏ యుద్ధమో నేను చెప్పాలా, పేపర్లో రోజూ చూస్తున్నదే. మనుషులు ఈ ఎనభై ఏళ్లలో చంద్రుడి మీదికి పోయి వచ్చారు. ఆళ్లగడ్డవాడు పరాయివాళ్ల యుద్ధంలోకి పోయే దారి మాత్రం మారలేదు. అప్పుడు పటాలం వాళ్లు వచ్చారు, ఇప్పుడు ఏజెంటు వచ్చాడు.

ఈ ఎండాకాలం ఆవిడ ఫోనుకు ఇంగ్లీషులో మెసేజీ వచ్చింది. నేను ఆ పూట నంద్యాల నుంచి వచ్చి టీచరమ్మ ఇంట్లోనే ఉన్నాను. పాలామె క్యాను దించి ఫోను ఇచ్చింది. టీచరమ్మ రెండుసార్లు చదివి నా వైపు తిప్పింది. ఆచూకీ తెలియడం లేదట. ఇన్నేళ్లలో యుద్ధాలకు ఇంకో వాక్యం దొరకలేదు.

"ఏమని ఉండాది టీచరమ్మా?"

"మీ వాడు కనపడలేదని రాసినారు."

"కనపడకపోతే ఎతుకుతాండారు గదా?"

టీచరమ్మ కళ్లద్దాలు తీసింది. ఆ పాస్టరయ్య చేతిలో కాగితంతో నిలబడ్డ చోట ఇప్పుడు తను నిలబడి ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

"ఎవురూ ఎతకరు తల్లీ. ఆడ కనపడలేదంటే పోయినాడనే. ఏడ్చుకో. ఇప్పుడే ఏడ్చుకో."

పాలామె ఫోను లాక్కుంది. "మీకు బిడ్డలు లేరు. మీకేం తెలుసు?" క్యాను ఎత్తుకుని పోయింది. ఆ రోజు పాలు పోయలేదు, మరుసటి రోజు రానే లేదు.

టీచరమ్మ చెప్పింది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినవాళ్లు మాకు చెప్పరు. ఆ పూట మాత్రం ఆమెను కడిగేశాను. "నీకో న్యాయం, ఆయమ్మకో న్యాయమా అక్కా?"

"నాది ముదిరిన రోగం మే. ఆయమ్మకు ఈ పొద్దే అంటుకునింది."

నా మాట గుచ్చుకున్నట్టుంది. ఆ ఆదివారం చర్చిలో లేచి, "మా నాయన పేరు తీసేయండయ్యా, పోయినోళ్లలో చదవండి" అందట. ఇప్పటి పాస్టరు చిన్నవాడు, తడబడ్డాడు. "ఎప్పుడు పోయినారమ్మా?" అని అడిగాడట. "ఈ పొద్దే" అందట.

అట్నుంచి అటే కర్ర ఊతగా పాలామె ఇంటికి పోయింది. ఆమె బర్రెకు నీళ్లు పెడుతోందట.

"మా నాయనను ఈ పొద్దు చంపొచ్చినా. నువ్వూ వదిలెయ్ తల్లీ. మా అమ్మ మాదిరి కాబాకు."

"మీ నాయనను మీరు చంపుకోండి టీచరమ్మా. నా కొడుకును నేనెందుకు చంపుకుంటా?"

ఇదంతా టీచరమ్మే నాకు ఫోనులో చెప్పింది. "ముప్పై ఏండ్లు ఆ పాఠం చెప్తి మే, ఒక్కరికీ ఎక్కలేదు," అని నవ్వింది. ఆ నవ్వుతోనే, "ఎనభై ఏండ్ల పేరు పోయి నోరు ఖాళీగా ఉండాది," అంది.

పాలు మాత్రం ఇంకెవరి దగ్గరా కొనలేదు. నల్ల టీ తాగింది. ఇంకో పాలామెను మాట్లాడమంటావా అంటే, "రాదనుకునేదానికి మనకేం తొందర?" అంది. నెలన్నర తిరక్కుండానే పోయింది.

ఆమెను సమాధుల తోటలో మట్టి చేసి నంద్యాలకు వచ్చేశాను. తర్వాతి ఆదివారం పొద్దున్నే ఇంటి తాళాలు తీసుకుని మళ్లీ బస్సెక్కాను. ఇల్లు సర్దాలి. అంతకు ముందు చర్చికి పోయాను. మా ఇంటి దేవుళ్లు వేరు, అయినా ఆమె పేరు చదువుతారని.

రోగుల పేర్లు అయ్యాయి. పోయినవారి వరసలో నాయన, బిడ్డ పక్కపక్కనే వచ్చారు. తర్వాత పాస్టరు "ప్రయాణంలో ఉన్నవారి కోసం" అని ఆగాడు. ఎనభై ఏళ్ల అలవాటు, చర్చి అంతా ఆగింది. అప్పుడు వెనక తలుపు దగ్గర నుంచి ఒక ఆడగొంతు కొడుకు పేరు చెప్పింది.

పాలామెదీ ఆ మతం కాదు. తడి కొంగుతో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పాస్టరు పెన్ను తీసి రాసుకున్నాడు.

వద్దు, రాయొద్దు అనాల్సింది నేను. టీచరమ్మ ఉంటే అనేది. నా నోటికి ఆ ఊళ్లో భయపడనివాళ్లు లేరు. ఆ రోజు ఆ నోట్లో నుంచి వచ్చింది ఒక్క ఆమెన్.

టీచరమ్మ ఇంటికి పోయేసరికి తాళం వేసిన తలుపు ముందు, గడప మీద, స్టీలు చెంబులో అర లీటరు పాలు. పైన పళ్లెం మూత. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది.

"మట్టి చేసిన మరుసటి దినం నుంచి పోస్తాంది మేడం. ఆయమ్మ లేదు గదే అంటే వినదు. నిన్నటివి పిల్లి తాగిపాయ."

ఎండ గడప దాకా వచ్చింది. తాళం తీయబోయి ఆగి, చెంబును నీడలోకి జరిపాను.