కంపెనీ నాకియ్యి

ఎవరికీ సాధ్యంకాని తెలివితక్కువ పని నేను చేశాను. ఈస్టిండియా కంపెనీ దొరలు ఎప్పటికీ గెలవలేని బోర్డ్ గేమ్ తయారుచేసి, నూరు డబ్బాలు అచ్చేయించాను. మన నేతగాళ్ల పొట్టకొట్టిన వాళ్ల మీద పగ, అట్ట మీదైనా తీరాలని నా పంతం.

వరంగల్‌లో రైలెక్కగానే సీటు మీద ఆట పరిచాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ తాను జంపఖానాలు నేస్తానని చెప్పింది.

"నేతగాళ్ల దిక్కు ఆడు పెద్దమ్మా, గెలుపు నీదే. మాది గూడ మట్టెవాడల జంపఖానాల దుకాణమే," అన్నాను గొప్పగా.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అట్లనా? అయితే ఆ కంపెనీ నాకియ్యి బిడ్డా."

నేను నేతగాణ్ణై జంపఖానా చీటీ పెట్టాను. దాని మీద అచ్చయిన ధర కంపెనీ ఇచ్చి తీరాలి. ఆమె చీటీ అంచును బొటనవేలితో రుద్ది పెదవి విరిచింది.

"అంచు వంకరున్నది. సగమిస్త. ఇష్టముంటే ఇయ్యి, లేకుంటే సుట్టుకొని పో."

అచ్చం దుకాణంలో నేతగాళ్లతో మా నాన్న అనే మాటే.

"అట్ల రూల్ లేదు పెద్దమ్మా!"

"మీ దుకాణంల ఉండెనా రూలు?"

ఇచ్చినంత తీసుకుని ఇంకో చీటీ పెట్టాను. ప్రతి చీటీకీ వంక పెట్టి, సగమే ఇస్తూ, జనగామ వచ్చేలోగా నన్ను దివాలా తీయించింది. దిగేముందు కొత్త డబ్బా ఒకటి తీసుకుని మూల నొక్కి చూసింది.

"నలిగింది. సగమిస్త."

బేరమాడకుండా ఇచ్చేశాను.

నూరింటిలో అమ్ముడైంది అదొక్కటే. కానీ నాన్న కోసిన సగాలన్నీ కలిపి నిజాయితీగా లెక్క కడితే, నూరూ ఆమెకు ఊరికే ఇచ్చినా మా దుకాణానికే ఇంకా లాభం.