కారుకు నలుగు

అంగట్లో అమ్మే నలుగుపిండి పొట్లాల మీద ఈమధ్య ‘ఒంటికి మాత్రమే వాడవలెను’ అని అచ్చేస్తున్నారు. నాకు ఈ ఆంక్ష నచ్చలేదు. రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే అయి ఉంటారు గానీ, అనుభవం తక్కువ. కంపెనీకి ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. రాస్తే, పాపం పెద్దావిడకు మతి తప్పిందనుకుంటారని మానేశాను. మీకు చెబితే ఆ భయం లేదు.

నా చిన్నప్పుడు, కమలాపురంలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక కారు ఉండేది. గనుల దగ్గర పనిచేసిన ఒక దొర దేశం విడిచి పోతూ మా తాతకు అమ్మిన కారు. దాని పైకప్పు గుడ్డది. కావాలంటే మడిచి వెనక్కి వేసుకోవచ్చు. మా వైపు ఎండలో కప్పు మడిచి తిరిగేవాళ్లు ఎవరుంటారో ఆ దొర ఆలోచించినట్టు లేదు. తాత పోయిన కొన్నేళ్లకు ఆ కప్పు తనంతట తానే చినిగిపోయి మాకు మడిచే శ్రమ తప్పించింది.

ఇంజను మాత్రం గట్టిది. మా నాయన దాంట్లో వేరుశనగ మూటలు మోసేవాడు. మూటలు లేనప్పుడు వెనక సీటులో కోళ్లు కాపురముండేవి. కారు రంగేమిటని అడిగితే పిల్లలందరం బూడిద రంగు అనేవాళ్లం. మా మేనత్త ఒక్కతే కాదనేది. అది నేరేడుపండు రంగు అని, తాత తనను ముందు సీటులో కూర్చోబెట్టుకుని సాయంకాలం పాపాఘ్ని ఒడ్డుకు తీసుకుపోయేటప్పుడు తలుపులో తన మొహం కనబడేదని చెప్పేది. తండ్రి పోయిన బాధలో ఆమె లెక్క కొంచెం తప్పిందని మేము సర్దుకున్నాం.

ఆ అత్తకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుది నందికొట్కూరు. పెళ్లినాడు సాయంత్రం దంపతులను ఊరేగించే మెరవణి సంగతి మాట్లాడడానికి పెళ్లికొడుకు మేనమామ ముందుగా వచ్చాడు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, సీటులో ఉన్న గుడ్డును చూసి, మా నాయన వైపు తిరిగాడు.

“ఏమప్పా, ఈ కోళ్లగూట్లోనా మా పిల్లోడు ఊరేగేది? మా జీపు తెస్తాంలే. పూలు గూడా మేమే కట్టించుకుంటాం.”

మా నాయన ఏదో అనబోయేలోగా గడప దగ్గర నుంచి అత్త మాట వినబడింది.

“నేనైతే మా నాయన కారే ఎక్కుతా. ఎక్కనోళ్లు నడిచి రావచ్చు.”

పెళ్లికూతురు అలా మాట్లాడడం మా ఊళ్లో అప్పటికి అలవాటు లేదు. ఆయన మజ్జిగ తాగకుండా వెళ్లిపోయాడు. ఇక మెరవణినాటికి కారు మెరవకపోతే, అత్త కాపురం మొదటిరోజే ఒక తగాదాతో మొదలవుతుంది. లేదా ఆమె తలవంచుకుని జీపు ఎక్కాలి. రెండోది జరుగుతుందని ఎవరమూ అనుకోలేదు. అందుకే అందరికీ దిగులు.

మా నాయనకు మెరుపు అంటే తెలిసిన పద్ధతి ఒక్కటే. ఏరువాక పున్నమినాడు ఎద్దులకు చేసేది. పెళ్లి రెండురోజులుందనగా, పొద్దున్నే వేరుశనగ నూనె డబ్బా తెచ్చి, కారు ముక్కున మొదలుపెట్టి తోక దాకా పట్టించాడు. కొమ్ములు లేవు గనుక ముందు దీపాలకు రెండోసారి పూశాడు. చూడవలసిన దృశ్యం. కారు నిగనిగలాడింది. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని, స్నానం చేసి వస్తానని లోపలికి పోయాడు.

మధ్యాహ్నం గాలి లేచింది. పక్క కళ్లంలో వేరుశనగ కొట్టి తూరుపారబడుతున్నారు. ఊరి ఎర్రదుమ్మూ ఆ పొట్టూ కలిసి వచ్చి, ఇంత మంచి చోటు మళ్లీ దొరకదన్నట్టు కారు మీద కూర్చున్నాయి. నాయన బయటికి వచ్చేసరికి కారుకు బొచ్చు మొలిచింది. వీధి కుక్క ఒకటి వెనక భాగాన్ని శ్రద్ధగా నాకుతోంది. నాయన గుడ్డతో తుడవబోతే దుమ్ము నూనెలో ముద్దయింది. ఆయన అరుగు మీద కూర్చుని తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు. అత్త వచ్చి చూసింది. వెనక్కి తిరిగి లోపలికి పోయింది. అరిచి ఉంటే నాయనకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడు వచ్చింది మా జేజి, అంటే మా నాయనమ్మ. కొడుకును తిట్టడంలో మా వీధిలో ఆమెకు సాటి లేదు. ఆ రోజు ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. మేమందరం వినడానికి సర్దుకుని కూర్చున్నాం. ఆమె కారు మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు వాసన చూసి, నాయనతో ఇంతే అంది.

“నూనె అంటడం అయిపాయ గదా. ఇంగ నలుగు పెట్టాల.”

నాయన తువ్వాలులో నుంచి తల బయటపెట్టాడు. ఆమె ఎగతాళి చేస్తోందో, నిజంగానే అంటోందో ఆయనకు తెలియలేదు. మాకూ తెలియలేదు. ఆమె అప్పటికే ఇల్లిల్లూ తిరిగి పిలుపు చెప్పి రమ్మని మనిషిని పంపుతోంది. తెల్లవారి నలుగుకు రావాలని మాత్రమే చెప్పించింది. ఎవరికి నలుగో చెప్పించలేదు. అందులోనే ఉంది ఆమె తెలివంతా. కారు తుడవడానికి రమ్మంటే ఆ ఊళ్లో ఒక్క మనిషి రాదు. నలుగుకు పిలిస్తే రాకుండా ఉండే మనిషి లేదు.

పొద్దున్నే పూలు పెట్టుకుని, పసుపు రాసుకుని ఆడవాళ్లు వచ్చారు. జేజి అప్పటికే కడవలతో నీళ్లు పైనుంచి సన్నగా పోయించి, దుమ్మూ పొట్టూ కారిపోయేలా చేసింది. చేత్తో రుద్దితే దుమ్మే గీతలు పెడుతుందని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రాత్రంతా నూనె తాగిన కారు చెట్టు నీడలో నున్నగా కూర్చుని ఉంది. దాని ముందు ముగ్గు, పక్కన పళ్లెంలో పెసరపిండి.

“పెండ్లికూతురు యాడుండాది పిన్నమ్మా?” అంది పక్కింటి అక్క. వాళ్లది మగ్గం నేసే ఇల్లు.

“ఆమెకు సాయంత్రం. ఇప్పుడు దీనికి. ఎన్నేండ్ల నుంచి ఎండలో మాడిందో చూడు. గాజులు పైకి నూక్కోండి, ఉంగరాలు తీసి ఈడ పెట్టండి.”

ఆడవాళ్లు కారునూ జేజినీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వుతో పని మొదలైంది. తలా ఒక చోటు పంచింది జేజి. ఒకరికి తలుపు, ఒకరికి ముందు చక్రం మీది రేకు, ఒకరికి వీపు. పిండి చల్లి, మెత్తబడిన పాత నూలు చీరల ముక్కలతో, పిల్లల ఒళ్లు రుద్దినంత తేలికగా రుద్దమంది. నా చెయ్యి సన్నం గనుక దీపాల సందులు నావి. పక్కింటి అక్క మాత్రం గుండ్రంగా రుద్దేవాళ్ల చేతులు పట్టుకుని ఆపింది. పడుగు దారాలకు గంజి పెట్టేటప్పుడు కుంచె ఒకే దారిన నడవాలి గదా, ఇదీ అంతే, ముందు నుంచి వెనక్కి పొమ్మంది. పాటలు మొదలయ్యాయి. పెళ్లికొడుకును వెక్కిరించే పాటల్లో పెట్రోలు వాసన కూడా చేరింది.

కాసేపటికి ఒకావిడ చేతిలోని గుడ్డ చూసుకుని కెవ్వుమంది.

“అయ్యో, రంగు పోతాండాదే!”

గుడ్డంతా ఊదా మరక. అందరి గుడ్డలూ అంతే. పాటలు ఆగిపోయాయి. నాయన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. జేజి వచ్చి ఆ గుడ్డ తీసుకుని, దాని శుభ్రమైన కొసతో తలుపు మీద ఇంకో నాలుగుసార్లు రుద్ది, పక్కకు జరిగింది.

“పోతాండేది ఎండకు చచ్చిన పొర. బతికిన రంగు కింద ఉండాది. చూస్కోండి.”

నేరేడుపండు రంగు. గిన్నెలో నీళ్లు కదిలినట్టు ఆ తలుపులో వేపకొమ్మలు కదులుతున్నాయి. అత్త వచ్చి వంగి చూసుకుంది. ఆమె మొహం కనబడింది. బొట్టు వంకరగా ఉందని కూడా కనబడింది. సరిచేసుకుని, ఒక గుడ్డ తీసుకుని, వద్దంటున్నా వినకుండా ముందు సీటు పక్కన రుద్దడానికి కూర్చుంది. ఆ తర్వాత ఎవరినీ ఆపడం కుదరలేదు. మధ్యాహ్నానికి, ఆత్మకూరు వైపు అడవుల నుంచి తేనెతోపాటు వచ్చే మైనాన్ని కరిగించి పలచగా రాసి తుడిచారు. దుమ్ము దాని మీద వాలింది గానీ, అంటుకోవడానికి దారి దొరక్క జారిపోయింది.

పెళ్లినాడు సాయంత్రం పందిరి ముందు రెండు బండ్లు నిలబడ్డాయి. ఒకటి పూలతో కప్పేసిన జీపు. ఇంకొకటి మా కారు. దానికి పూలదండ ఒక్కటే కట్టారు, అది కూడా కప్పు చినిగిన చోట. అత్త నేరుగా వచ్చి ముందు సీటులో కూర్చుంది. పెళ్లికొడుకు మధ్యలో ఆగాడు. పెళ్లి కుదిరినప్పటి నుంచి ఆయన నోరు విప్పగా మేమెవరమూ వినలేదు. డప్పులు కూడా ఆయన కోసం ఆగాయి. ఆయన జీపును చూశాడు, మేనమామను చూశాడు, కారు తలుపులో తన తలపాగా చూసుకున్నాడు, ఎక్కి కూర్చున్నాడు.

మేనమామ మా నాయన దగ్గరికి వచ్చాడు.

“కొత్తది ఎవురి దగ్గర తెచ్చినారప్పా?”

“మా నాయనదే.”

“మరి ఆ పొద్దు నేను చూసిందేంది?”

“అదీ ఇదే.”

ఆయన నమ్మలేదు. సీటు కింద వంగి ఒక ఈక దొరికాక నమ్మాడు. వెనక సీటులో చోటుందా అని అడిగాడు. ఉంది.

బజారు పొడుగునా మెరవణి నడిచింది. మామూలుగా ఆడవాళ్లు పెళ్లికూతురి నగలు చూస్తారు. ఆ రోజు ప్రతి అరుగు మీదా ఒకావిడ లేచి నిలబడి, ఆ తలుపు నాది, ఆ వీపు నాది అని చుట్టుపక్కలవాళ్లకు చూపిస్తోంది. దీపాల సందులు నావని నేనూ అరిచాను. నాయన కారు నడుపుతూ, కనబడ్డవాళ్లందరికీ మొదట నూనె పెట్టింది తానేనని చెప్పుకుంటూ పోయాడు. జేజి ఆ మాట ఒక్కసారి కూడా ఖండించలేదు.

తర్వాత నేను కాలేజీలో చదివాను, కాలేజీలోనే పాఠాలు చెప్పాను. నా కింద పనిచేసినవాళ్లు శానా రకాల తప్పులు చేశారు. నాకు తిట్టడం రాదని కాదు, మా జేజి మనవరాలిని. కానీ తప్పు ఎదురుగా కనబడగానే నాకు ఆ నూనె కారు గుర్తొస్తుంది. ఎవరు చేశారన్నది వదిలేసి, ఇది ఏ పనికైనా మొదటి మెట్టు కాగలదా అని చూస్తాను. అన్నిసార్లూ కాదు గానీ, నమ్మలేనన్నిసార్లు అవుతుంది. మొన్న మా ఇంటాయన పప్పులో ఉప్పుకు బదులు చక్కెర వేశాడు. నేను తిట్టకుండా, సరే, పూర్ణం చేసి వీధిలో అందరికీ బొబ్బట్లు పంచుదాం, ఎవరెవరు ఏం చేస్తారు అన్నాను.

ఆయన గరిటె పక్కన పెట్టాడు.

“నువ్వు తిట్టేదే నయం. తిడితే నాకొక్కనికే. ఇట్లంటే ఇంటిల్లిపాదికీ చాకిరీ.”