నేను ధర తగ్గించిన సిస్టర్

ఆ కాలాన్ని తలచుకుంటే మొదట గుర్తొచ్చేది కామారెడ్డిలో మా ఆసుపత్రి పైఅంతస్తు హాలు, కిటికీలో గరగరమనే కూలరు, దాని తడిగాలికి మెల్లగా బరువెక్కే కనురెప్పలు. తెలంగాణ రాకముందు సంగతి. నేను పిల్లల వార్డు ఇన్‌ఛార్జిని. కొత్త పదవి, గంజి పెట్టిన కొత్త కోటు, లోపల మాత్రం ఎల్లారెడ్డిలో బాపు బట్టల దుకాణంలో పెరిగిన పాత బుద్ధి. ధర తగ్గించడానికి, నచ్చిన చీర దిక్కే చూసి "రంగు నిలుస్తదా ఇది?" అని మూతి విరిచే ఆడవాళ్ల మధ్యే నేను అక్షరాలు దిద్దాను.

మా వార్డుకు ప్రాణం జుక్కల్ నుంచి వచ్చిన ఒక నర్సు, మేమంతా జుక్కల్ పిల్ల అనేవాళ్లం. సరిహద్దు ఊరి సిస్టర్ కాబట్టి ఏడ్చే బిడ్డను తెలుగులోనో, కన్నడంలోనో, మరాఠీలోనో మురిపించి, బిడ్డ నవ్వేలోపు నరం దొరకబట్టి సూది పెట్టేసేది. (నేను పెడితే బిడ్డకంటే ముందు నాకు చెమటలు పట్టేవి.) ఆమె పుణ్యాన నా పనితీరు బ్రహ్మాండమని ఆసుపత్రి నడిపే పెద్ద మేడం మెచ్చుకునేది. అంతలో ఎల్లారెడ్డిలో మా ఆసుపత్రి కొత్త బ్రాంచి తెరుస్తున్నారనీ, అక్కడికి ఇన్‌ఛార్జిని మా సిస్టర్లలోంచే ఏరతారనీ తెలిసింది. అందుకోసమే ఆ హాల్లో ఇన్‌ఛార్జిలందరికీ 'టాలెంట్ మేనేజ్‌మెంట్' శిక్షణ, అంటే పనిమంతులను గుర్తుపట్టే విద్య. హైదరాబాద్ నుంచి వచ్చిన సారు మాటలు నీళ్లలోంచి వినిపిస్తున్నట్టుండగా, నేను కళ్లు తెరిచే ఎల్లారెడ్డి దుకాణంలో బట్టల తాన్లు విప్పుకుంటూ తేలిపోతున్నాను. "మీ సిస్టర్ల గురించి చెప్పండి మేడం" అని నా వైపు తిరిగాడు. మెచ్చుకుంటే జుక్కల్ పిల్లను ఎత్తుకుపోతారు.

"ఏం చెప్పాలె సార్, ఒకామె ఉన్నది. నోరు ఎక్కువ. డాక్టరు రాసిన డోసు మీద గూడ ఏంది, ఎందుకు అని అడుగుతది."

"భయపడకుండా అడుగుతుందా!" సారు కళ్లు మెరిశాయి.

ఇంకొంచెం తగ్గించాను. "నా మాట ఇనదు సార్. నేను లేకుంటె డ్యూటీలు గూడ ఆమెనే మార్చేస్తది."

"సొంతంగా నిర్ణయాలు!"

"కొత్తోళ్లకు సూది నేర్పుకుంట కూసుంటది సార్!"

పక్కనున్న ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి అక్క నా కోటు గుంజింది. "ఇగ ఆపు చెల్లె, ఇంకింత తిడితే ఆమెను మనకే మేడం చేస్తరు."

తగ్గించినకొద్దీ ధర పెరిగిన బేరం నా జన్మలో అదొక్కటే. సాయంత్రానికి జుక్కల్ పిల్ల ఎల్లారెడ్డి ఇన్‌ఛార్జి అయింది.

వెళ్లేముందు వచ్చి నా చేతులు పట్టుకుంది. "అక్కా, నా గురించి గంత మంచిగ చెప్పినవట. మా ఇంట్ల నోరున్న పిల్లని తిట్టుడే గని, అది గుణమని ఎవ్వలనలే. పెద్ద మేడం చెప్తుంటె ఏడుపొచ్చింది."

నిజం చెబుదామనిపించింది. అంత నాణ్యమైన మర్యాద ఉచితంగా చేతికొస్తే తిరిగిచ్చేంత అమాయకురాలిని కాదు. "మరి చెప్పనా చెల్లె?" అన్నాను గంభీరంగా.

ఇప్పుడు ఆనాటి నన్ను, ఆ కొత్త కోటు అమ్మాయిని, తలచుకుంటే ముద్దొస్తుంది. ఆ హాల్లో తన సిస్టర్‌ను అంత దగ్గరగా చూసినవాళ్లు మరొకరు లేరు. పాపం, తిడుతున్నాననుకుంది.